నా నోట్లో చిక్కుకున్న ఫోటోసింథసిస్

కడప దగ్గర ఒక కాలేజీలో బోటనీ చెప్తాను. ఆ ఉదయం క్లాసులో ‘క్లోరోఫిల్’ అనబోతే నోరు వంకర తిరిగింది, కుడిచేతిలోంచి చాక్‌పీస్ జారిపోయింది. ఆటపట్టిస్తున్నానేమోనని పిల్లలు నవ్వారు.

సీటీ, ఎంఆర్‌ఐ అయ్యాక డాక్టర్ అన్నారు: “మెదడులో లెఫ్ట్ సైడ్ స్ట్రోక్. తెలివికేం కాలేదు. నోటిని నడిపించే దారి దెబ్బతింది. స్పీచ్ అప్రాక్సియా.”

నాకన్నీ అర్థమయ్యేవి, ఒక్కటీ బయటికొచ్చేది కాదు. మా ఆయన మగ్గం నేస్తాడు. నేను నోరు తెరిస్తే చాలు, “నీళ్లా? ఆకలైతాండాదా? ఇదో తెస్తాండా” అని లేచేవాడు. ప్రేమే, కాదనను. కానీ నా నోటికి తాళం వేసి, తాళంచెవి ఆయన జేబులో వేసుకున్నట్టుండేది. ఇంట్లో అందరి మీదా ఒళ్లు మండేది. ఆ కోపం చెప్పుకోవడానికీ మాట లేదు. మళ్లీ క్లాసుకు వెళ్లలేనేమోనని ఒకటే దిగులు.

స్పీచ్ థెరపిస్ట్ పెద్ద మాటల్ని ముక్కలు చేయించింది. “ఫో, టో, సిన్, థ, సిస్. ముక్కకో తట్టు మేడమ్. ‘సిన్’ దగ్గర గట్టిగా.”

ఇంట్లో తట్టడమెందుకని మగ్గం పక్కన కూర్చుని, దాని దెబ్బకో ముక్క అనేదాన్ని. “శానా బాగుండాది మే!” అని మా ఆయన మురిసిపోయేవాడు. కొన్ని వారాలకు థెరపిస్ట్ విని తల అడ్డంగా ఊపింది. “అన్నీ ఒకే బరువుతో వస్తున్నాయి మేడమ్. ఏం మాటో తెలియట్లేదు.” అక్కడే ఏడ్చేశాను. నేతకు దెబ్బ సమంగా పడాలి, నా మాటకు అదే చేటయింది.

మర్నాడు మా ఆయన మగ్గం దిగి, ఎదురుగా కూర్చుని అరచెయ్యి చాపాడు. ఎడమచేత్తో అందులో తట్టాను. ‘సిన్’ దగ్గర ఆయన చెయ్యి ఎర్రబడేది. నేను ఆగిపోతే ఆయన పెదాలు కదిలేవి. గుర్రుగా చూసేదాన్ని.

“చెప్పను లే మే. నువ్వే చెప్పు.”

ఇప్పుడు క్లాసుకు వెళ్తున్నాను. ‘మైటోకాండ్రియా’ దగ్గర ఇప్పటికీ తడబడతాను, బల్ల మీద తట్టుకుని అంటాను.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలా జరిగితే, వాళ్ల మాట మీకు తెలిసినా మీరు పూర్తి చేయకండి. మొన్న ఆటో అతను “యాడికి?” అంటే నాకు మాట అందలేదు. అతను మా ఆయన వైపు చూశాడు.

“ఆమెనే చెప్తాది, ఆగప్పా” అని మా ఆయన రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు.