రేకు గేలానికి తగ్గ కర్ర

ఇరవై మూడేళ్ళ వయసులో నా కాళ్ళు ఒకచోట నిలిచేవి కావు, బుర్ర అసలే నిలిచేది కాదు. ఏ చిన్న వస్తువు కొనాలన్నా నాకు కంటి మీద కునుకు ఉండేది కాదు. చెప్పులు కావాలంటే అమలాపురంలో ఉన్న కొట్లన్నీ తిరిగి, చివరికి మొదటి కొట్లో చూసిన జత కోసమే మళ్ళీ వెళ్ళేవాణ్ణి (అప్పటికి నా సైజు అయిపోయేది). చేతుల్లోకి ఫోన్లు వచ్చి నెట్టు చవకైన కొత్త అది. వెయ్యి రకాలు చూపించి ఒక్కటీ ఎంచుకోనివ్వని ఆ పరికరం ఏరికోరి నాలాంటివాడి చేతిలో పడింది. అలాంటి నేను మా మావయ్యగారికి గేలం కర్ర ఎంచిపెట్టే పని నెత్తికెత్తుకున్నాను. కర్ర కొనమని ఎవరూ అడగలేదు. నాకు నేనే ఎత్తుకున్నాను.

అప్పుడు నేను రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే ఒక చిన్న ల్యాబులో కొత్తగా చేరాను. మకాం కొత్తపేట దగ్గర మావయ్యగారింట్లో. ఆయన మా అమ్మకి సొంత తమ్ముడు, కొబ్బరికాయల వ్యాపారం. పొద్దున్నే మోటారు సైకిలెక్కి నాలుగూళ్ళ తోటల్లో కాయల దింపులు చూసుకుని, మధ్యాహ్నం భోజనానికి వచ్చి, ఎండ చల్లబడగానే వెదురు గేలం పట్టుకుని ఇంటి వెనక లాకుల పక్కన కాలువ గట్టున కూర్చునేవారు. ఆ మనిషి రోజు మొత్తం మీద కుదురుగా కూర్చునేది అక్కడొక్కచోటే. ఆ ఏడు వానాకాలంలో ఆయనకి పక్షవాతం వచ్చింది. ప్రాణం దక్కింది, కాలూ మెల్లగా కోలుకుంది. కుడి చెయ్యి మాత్రం మోచేతి కింద నుంచి మొద్దుబారిపోయింది. గిల్లినా తెలిసేది కాదు. రాజమండ్రి డాక్టరుగారు ఒక రబ్బరు బంతి ఇచ్చి, రోజూ దాన్ని నొక్కుతూ ఉండమని, చేతికి ఏదో ఒక పని చెబుతూ ఉండమని పంపించారు. మావయ్యగారు మూడు రోజులు నొక్కి, నాలుగో రోజు దాన్ని ఎడం చేత్తో కాలువలోకి విసిరేశారు. "నేనేమన్నా చంటిపిల్లాడినా" అన్నారు. అంతే. ఇక వైద్యం లేదు. వీధి అరుగు నుంచి పెరటి గుమ్మానికి, పెరటి గుమ్మం నుంచి వీధి అరుగుకి తిరగడమే.

దీనికి తోడు బెండు బాబాయిగారు. ఆయన మాకు చుట్టం కాదు, పక్కింటాయన, ముప్ఫయ్యేళ్ళుగా మావయ్యగారికి గట్టు మీద జోడీ. నీళ్ళ మీద తేలేలా గేలానికి కట్టే బెండ్లు జీలుగుతో ఎంతో నాజూకుగా చెక్కుతారని ఆ పేరు. రోజూ సాయంత్రం చేపలతో వచ్చి మావయ్యగారి ఎదురుగా కూర్చునేవారు. "ఇయ్యాళ రెండు కొరమేనులు పడ్డాయండి అన్నయ్యగారూ. ఒకటి లాకుల దగ్గర, మీరు కూచునే చోటే పడిందండి" అనేవారు. పాపం ఓదార్చడానికే అనేవారు. మావయ్యగారు "ఆయ్, మంచిది" అని, ఆయన గేటు దాటగానే పళ్ళెం తోసేసి అన్నం మానేసేవారు. ఒక రోజు అత్తయ్యగారు వంటింట్లో నన్ను ఆపి, "అబ్బాయ్, నీకు చదువుంది, ఆ ఫోనుంది. ఈయన చేతికి ఏదో ఒక దారి చూడు. ఆ చెయ్యి కన్నా ముందు మనిషి పోయేలా ఉన్నారు" అన్నారు. ఆవిడ ఎప్పుడూ అంత మాట అనే మనిషి కాదు.

నేను చూసిన దారి ఒక వీడియోలో దొరికింది. ఎవరో విదేశీయుడు చెరువులో ఏదో మెరిసే రేకు విసిరి, రీలు చక్రం తిప్పుతూ లాగుతుంటే, ఆ రేకు నీళ్ళలో గిరగిరా తిరుగుతోంది. దాన్ని చిన్న చేపనుకుని పెద్ద చేప వచ్చి కొడుతోంది. బెండు వేసి గంటలు కూర్చునే పని కాదు. తిప్పుతూ ఉంటేనే రేకు బతుకుతుంది, ఆపితే ఇనుప ముక్క. ఎడం చేత్తో కర్ర పట్టుకుని కుడిచేత్తో చక్రం తిప్పితే, మావయ్యగారికి తెలియకుండానే చెయ్యి మేలుకోదా అనుకున్నాను. బంతిని విసిరేసిన మనిషి చేపని విసిరెయ్యరు కదా.

ఇక్కడి దాకా నేను తెలివైనవాణ్ణే. ఆ తరవాతే మొదలైంది. కర్ర ఆరడుగులదా ఏడడుగులదా, బిరుసుదా మెత్తనిదా, కొస మాత్రమే వంగేదా నడుం దాకా వంగేదా, దారం మన పాత నైలాను టంగూసా, నీళ్ళలో కనపడని కొత్త రకమా, పట్టుదారంలా సన్నగా అల్లినదా. ఒకడు బిరుసు కర్ర లేకపోతే చేప నీళ్ళ మీది గుర్రపుడెక్క తుక్కులోకి దూరిపోతుందంటాడు. ఇంకొకడు బిరుసు కర్రంత దరిద్రం లేదంటాడు. ఇద్దరి చేతుల్లోనూ చేపలు వేలాడుతూ ఉంటాయి. నెల రోజులు నేను బస్సులో, భోజనం దగ్గర, ల్యాబులో అవే చూశాను. ఒక మధ్యాహ్నం రెండు చెరువుల నీళ్ళ సీసాలు ఎదురుగా పెట్టుకుని, ఏడడుగుల కర్ర గురించి ఆలోచిస్తూ ఒకదాని లెక్క ఇంకొకదానికి రాసేశాను. మర్నాడు రాజోలు వైపు నుంచి ఒక రైతు కాగితం పట్టుకుని వచ్చారు. "మా చెరువులో ఉప్పే లేదని రాసేరు బాబూ. నేను రొయ్యలు పెంచుతున్నానండి, చేపలు కాదు" అన్నారు, ఎంతో మర్యాదగా. మా ల్యాబు యజమాని మాత్రం అంత మర్యాదగా ఏమీ అనలేదు. ఇంకోసారి ఇలా అయితే ఇంటికే అన్నారు. ఆ భయంలో, ఇక ఆలోచిస్తే ఉద్యోగం పోతుందని, ఆ క్షణంలో తెర మీద ఏది ఉంటే అది నొక్కేశాను. అన్నిటికన్నా బిరుసు కర్ర, అల్లిన దారం.

పార్సిలు వచ్చిన రోజు అత్తయ్యగారు ఆ ఎరని వేళ్ళతో ఎత్తి చూశారు. ఇత్తడి రంగు రేకు, దాని కింద రబ్బరు కుచ్చులు, లోపల ముల్లు. "ఇది చేపకి పెడతారా, చెవికి పెట్టుకుంటారా?" అన్నారు. మావయ్యగారు అటు చూడలేదు. బెండు బాబాయిగారు మాత్రం బాగా చూసి, "కప్పని పెడితే రాని కొరమేను, రేకుని చూసి వస్తాదంటారా" అని నవ్వారు. ఆ నవ్వు నాకు తగిలింది. ఎలా పనిచేస్తుందో చూపిస్తానని పెరట్లో నిలబడి వీడియోలో చూసినట్టే కర్ర వెనక్కి ఎత్తి విసిరాను. విసురు అద్భుతంగా వచ్చింది. ఎర మాత్రం కాలువలో పడలేదు. వెనక్కి తిరిగి చూస్తే, బాబాయిగారి భుజం మీది తువ్వాలు ముల్లుకి చిక్కుకుని నా వెనక కొబ్బరి మట్టకి జెండాలా వేలాడుతోంది, ఆయన చెయ్యి ఖాళీ భుజం తడుముకుంటోంది. అరుగు మీద నుంచి ఒక వింత చప్పుడు వినపడింది. మావయ్యగారు నవ్వుతున్నారు. ఆయనకి జబ్బు చేశాక ఆ ఇంట్లో అదే మొదటి నవ్వు. నా అవమానానికి అంత విలువ ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

మర్నాడు ఆదివారం. ఆయనే, "ఏదీ, ఆ జెండా కర్ర ఓసారి ఇలా తే" అన్నారు. గట్టు మీద కుర్చీ వేశాం. అప్పుడు తెలిసింది, నేను చేసిన ఇంకో ఘనకార్యం. చక్రం పిడి కుడి వైపు బిగించాల్సింది ఎడం వైపు బిగించాను (అటూ ఇటూ మార్చుకోవచ్చని చివర్లో చూశానుగానీ, ఎటు మార్చానో చూసుకోలేదు). విప్పుదామంటే ఆయన ఆగలేదు. "ఉండనీరా, ఎడం చెయ్యి బానే ఉంది కదా" అని, మొద్దుబారిన కుడి చేతిని కర్ర కింద పెట్టి, కర్ర మొదలు చంకలో ఇరికించి, ఎడం చేత్తో తిప్పడం మొదలెట్టారు. నేను విసురుతున్నాను, ఆయన తిప్పుతున్నారు. నా పథకమంతా తలకిందులైందని లోలోపల కుమిలిపోతున్నాను. ఐదారుసార్లు అయ్యాక ఆయన ఆగి తన కుడి చెయ్యి వంక చూసుకున్నారు.

"ఒరే, దీంట్లో ఏవన్నా మోటారు పెట్టేరా?"

"లేదండి మావయ్యగారూ. ఆ రేకు తిరుగుతుంటే దారం అదురుతుందండి."

"అదీ. అరచేతిలో చీమలు పాకినట్టుంది" అన్నారు. మళ్ళీ తిప్పారు, ఆపారు, మళ్ళీ తిప్పారు. "ఆపితే పోతాంది. తిప్పితే వస్తాంది." ఆ గొంతులో ఏదో విని నేను ఆయన మొహం చూడలేక నీళ్ళ వైపు చూశాను. సన్నటి దారం, బిరుసు కర్ర, అవతల తిరుగుతున్న రేకు అదురుని ఏమాత్రం దాచుకోకుండా తెచ్చి ఆ చేతికి చెబుతున్నాయి. నేను తప్పుగా బిగించిన పిడి లేకపోతే ఆ అదురు బాగున్న చేతిలోకే పోయేది.

ఆ అదురుని తెచ్చిన బిరుసే మాకు చేపని మాత్రం ఇవ్వలేదు. ఆ వారంలో మూడుసార్లు కొరమేను కొట్టింది. మూడుసార్లూ నేను ఆత్రంతో అరుస్తూ కర్ర పట్టుకుని ఒక్క లాగు లాగాను. దారం సాగదు, కర్ర వంగదు, ముల్లు చేప మూతి చీల్చుకుని వచ్చేసింది. మూడోసారి మావయ్యగారికి కోపం వచ్చింది. "చెయ్యి తియ్యి. నువ్వు చేప పడుతున్నావా, పన్ను పీకుతున్నావా? వెదురు ఎందుకురా పెట్టేరు పెద్దోళ్ళు? వంగుద్దని. చేప లాగితే కర్ర వంగాలి, అది ఆగితే మనం లాగాలి. వంగని కర్రకి చేప దక్కదు. నడుం దాకా వంగేది తెప్పించు. దారం ఇదే ఉండనీ, నాకు చేతికి తెలుస్తాంది. చివర రెండు బారలు మాత్రం టంగూసు కట్టు. అది కొంచెం సాగుతాది, ఆ తుక్కులో తెగదు." నెల రోజులు ఇన్ని వీడియోల్లో నాకు దొరకని సంగతి, వీడియో అనేదే చూడని మనిషి గట్టు మీద కూర్చుని నాలుగు మాటల్లో తేల్చేశారు. నేను ఆ రాత్రి మళ్ళీ ఆలోచించలేదు. అచ్చంగా ఆయన చెప్పిందే తెప్పించాను. అంత త్వరగా నేనేదైనా కొనడం అదే మొదలు.

కొత్త కర్ర వచ్చిన మర్నాడు పొద్దున్నే లాకుల దగ్గరికి వెళ్ళాం. చేపని ఎత్తే చిక్కం వల పట్టుకుని బెండు బాబాయిగారూ వచ్చారు, ఊరికే చూడ్డానికట. పదో విసురో పన్నెండో విసురో, గుర్రపుడెక్క వార నుంచి రేకు వస్తుండగా నీళ్ళు ఒక్కసారి ఉబ్బాయి. కర్ర నడుం దాకా వంగిపోయింది. నేను ముందుకి దూకాను. "నువ్వు ముట్టుకోకు" అన్నారు మావయ్యగారు, గట్టిగా కాదు, కానీ నేను ఆగిపోయాను. చేప డెక్క వైపు లాగింది. కర్ర వంగింది. ఆయన తిప్పడం ఆపి ఓపిగ్గా ఉన్నారు. అది అలిసింది, ఆయన తిప్పారు. మళ్ళీ లాగింది, మళ్ళీ ఆపారు. కర్ర మొదలు ఎప్పుడు జారిందో చంకలో లేదు. అది నేను చూశాను, ఆయన చూసుకోలేదు. బాబాయిగారు "అన్నయ్యగారండీ, తొందరపడకండి, వచ్చేత్తాంది" అంటూ చిక్కం పట్టుకుని గట్టు దిగి, జారి, నడుం లోతు బురదలో కూరుకుపోయి, అక్కడి నుంచే చేపని చిక్కంలోకి తోసుకుని పైకి ఎత్తారు. మోచెయ్యంత కొరమేను. ఆయన మొహం నిండా బురద, పళ్ళు ఒక్కటే తెల్లగా ఉన్నాయి. "రేకుని చూసి వచ్చిందండి, నిజవే" అన్నారు.

గోలకి అత్తయ్యగారు పెరటి దారంట పరిగెత్తుకొచ్చారు. చేపని చూడలేదావిడ. మావయ్యగారి కుడి చెయ్యి చూశారు. అయిదు వేళ్ళూ కర్ర చుట్టూ బిగుసుకుని ఉన్నాయి. నెలల తరబడి రబ్బరు బంతిని కూడా పట్టుకోని వేళ్ళు. నొప్పి పుడుతోందేమోనని ఆవిడ ఒక్కొక్కటీ విప్పబోతే, ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "విప్పకే. కాసేపు ఉండనీ" అన్నారు. బాబాయిగారు బురదలోనే నిలబడి, పైకి లాగమని అడగడం కూడా మరిచిపోయారు.

ఇప్పుడు మావయ్యగారు ఆ చేత్తో అన్నం కలుపుకుంటారు, కాయల చిట్టాలు రాస్తారు (అక్షరాలు కాస్త పక్కకి వాలతాయి), వారానికి రెండు రోజులు రేకు వేస్తారు. ఉప్పు లెక్కలు తప్పు లేకుండా రాస్తూ నేను అదే పనిలో రామచంద్రపురం చేరాను. ఇంట్లో ఒక మూల ఏడు కర్రలున్నాయి. కొత్తగా గేలం సరదా పట్టిన కుర్రాళ్ళు ఎవరో చెప్పగా నా దగ్గరికి వస్తుంటారు. "రేకు ఎరకి ఏ కర్ర మంచిదండీ, ఏ దారం కట్టాలండీ" అని అడుగుతారు. నేను వాళ్ళకి కాఫీ ఇప్పించి, ఏడు కర్రలూ ఒక్కొక్కటే వంచి చూపించి, గంటన్నర తక్కువ కాకుండా ఉపన్యాసం ఇస్తాను. వాళ్ళు గౌరవంగా, అన్నిటికీ "ఆయ్, ఆయ్" అంటూ వింటారు. మొన్న ఒకబ్బాయి లేచి వెళ్తూ, గుమ్మం దగ్గర ఆగి, మీరు ఇప్పటిదాకా పట్టినవాటిలో పెద్దది ఎంతుంటుందండీ అని అడిగాడు. నేను కాసేపు ఆలోచించినట్టు నటించి, చేతులు దూరంగా పెట్టబోయి, మళ్ళీ దించేసి, నిజం చెప్పేశాను. నా చేత్తో నేను రేకు వేసి ఇంతవరకూ ఒక్క కొరమేను కూడా పట్టలేదు. అతను అబద్ధమనుకుని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.