సైలెన్సర్ మామయ్య కంటపడని మనిషి

ఫొటో చేతికిస్తే అందులో బండిని తప్ప మనిషిని చూడకపోవడం సైలెన్సర్ మామయ్యకున్న ఒకే ఒక్క జబ్బు. నలభై ఏళ్ళు మోటారు సైకిళ్ళు బాగుచేసి, వాటి చప్పుడుకి దీటుగా గొంతు పెంచుకున్నందుకు వీధివాళ్ళు పెట్టిన పేరది. మనవరాలి ఫొటో చూపిస్తే, "వెనకాల స్కూటర్‌కి స్టాండు వంగిందే!" అన్నాడు. తన పెళ్ళి ఫొటోలో సైతం, కార్లో కూర్చున్న పెళ్ళికూతుర్ని వదిలేసి కారు తలుపుకేసి చూస్తూ నిలబడ్డాడు. ఆ ఫొటో తుడిచీ తుడిచీ అత్తయ్యకి విసుక్కునే ఓపిక కూడా పోయింది.

ఒక పొద్దున, పక్క వీధిలో బట్టలు కుట్టే పెద్దావిడ మెట్లెక్కి వచ్చి పాత ఫొటో ఒకటి ఇచ్చింది.

"మా అమ్మ పెట్టె అడుగున దొరికింది బాబూ. ఈ బండి మీదున్నది మా నాన్నేనా? నా రెండో ఏట యుద్ధంలో పోయాడు. నన్ను ఒక్కసారైనా ఎత్తుకున్నాడో లేదో, అమ్మ ఎప్పుడూ నోరు విప్పలేదు."

ఫొటోలో మనిషికి కళ్ళజోడు, మొహం నిండా బురద. మామయ్య భూతద్దం పెట్టాడు.

"అబ్బ, ఏం అందం!"

"మా నాన్నేనా?"

"హెడ్‌లైటు అమ్మా! విమానాలకి కనబడకుండా రేకు మూత, మధ్యలో సన్నటి చీలిక. అచ్చం యుద్ధకాలం బండి!"

"మరి మనిషి?"

"మనిషెక్కడ?"

"బండి మీదున్నాడండీ," అంది అత్తయ్య నీరసంగా. "మీ కళ్ళకి తప్ప అందరికీ కనబడుతున్నాడు."

నాలుగు రోజులు పెద్దావిడ వచ్చింది, నాలుగు రోజులూ మామయ్య రోజుకో భాగం వర్ణించాడు, అత్తయ్య టీలు పెట్టింది. మధ్యాహ్నాలు ఆయన పాత ఇనుప సామాన్ల కొట్ల వెంట పడి తిరిగేవాడు. "తెలిస్తే చెప్పండి, తెలీకపోతే తెలీదనండి. ఆవిడ మోకాళ్ళు అరిగిపోతున్నాయి," అంది అత్తయ్య.

అయిదో రోజు మామయ్య తుప్పు పట్టిన రేకొకటి బల్ల మీద పెట్టాడు.

"ఫొటోలో పెట్రోలు ట్యాంకు మీద మడత దుప్పటి చూశారా? తాళ్ళతో కట్టాడు. పెద్దవాళ్ళు కూర్చునే చోటు కాదది. ఇక సైలెన్సర్. వాగులు దాటడానికి ఎత్తుగా పెట్టారు. కాలు కాలకుండా దాని మీద ఇలాంటి రేకే. దీనికి మూడు గాట్లు, సెగ బయటికొచ్చేది వాటిలోంచే. రెండు పొట్టివి, ఒకటి పొడుగు. మీ పిక్క మీద మచ్చ ఎప్పటిదమ్మా?"

పెద్దావిడ కాలు ముందుకి చాపింది. మూడు చారలు. రెండు పొట్టివి, ఒకటి పొడుగు.

"పొయ్యి తగిలిందనేది అమ్మ..."

"పొయ్యి ఇలా గీతలు గీయదమ్మా. మిమ్మల్ని ట్యాంకు మీంచి దింపుతుంటే కాలు తగిలింది. కాలుతోపాటు చారలూ పెరిగాయి, వరస మాత్రం మారలేదు."

పెద్దావిడ చారలు తడుముకుంది. "అయితే ఎత్తుకున్నాడన్నమాట!" అని కళ్ళు తుడుచుకుని ఫక్కున నవ్వింది. "కాల్చాడు కూడా!"

ఆవిడ వెళ్ళాక అత్తయ్య అడిగింది. "ఆ మచ్చ ఎప్పుడు చూశారు?"

"మొదటిరోజే, మెట్లెక్కుతుంటే. ఒకసారి అవునని చెప్పాక మళ్ళీ కాదంటే ఆవిడ తట్టుకోలేదు. అందుకే రేకు దొరికేదాకా ఆగా."

"మరి మన పెళ్ళినాడు నన్నెందుకు చూడలేదు?"

"ఆ కారు తలుపుకి గడియ లేదు. నువ్వేమో దానికే ఆనుకుని కూర్చున్నావు."

అత్తయ్య గోడ మీది పెళ్ళి ఫొటో దించి భూతద్దం పెట్టింది. మామయ్య చెయ్యి తలుపు పిడిని గట్టిగా బిగించి పట్టుకుని ఉంది. ఇన్నేళ్ళూ ఆవిడ ఆ ఫొటోలో మొహాలే చూసింది.