దారం నడిచిన ఇరుసు

కిందటి గురువారం మా తమ్ముడి కొడుకు నందిగామలో నన్ను తన పాత జీపు ఎక్కించుకుని జగ్గయ్యపేట బయలుదేరాడు. రెండేళ్ళు తంటాలుపడి బాగుచేయించుకున్న బండి అది. ఆదివారం కూతుర్నీ అల్లుణ్ణీ అందులోనే ఊరేగిస్తానని ఊరందరికీ చెప్పుకున్నాడు. ఊరు దాటకముందే మాడిన ఆయిలు వాసన నా ముక్కుకు తగిలింది. ఆపించి, దిగి, వెనక చక్రం లోపలివైపు వేలు పెట్టి చూస్తే నల్లటి జిడ్డు. ఇరుసు దగ్గర ఆయిలును ఆపవలసిన రబ్బరు సీలు ఆపడం లేదు, ఆ ఆయిలు కాస్తా బ్రేకుల్లోకి దిగుతోంది. పైన మాత్రం అద్దంలా మెరిసే రంగు. నాకు రోత పుట్టింది.

ఆ వాసన నాకు కొత్త కాదు. పదిహేడో ఏట మొదలుపెట్టి పదకొండేళ్ళు, జగ్గయ్యపేటలో మా మేనమామ లేతు షాపులో కొలతల పుస్తకం రాశాను. మన వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, పాత బండికి బేరింగు దొరకడమంటే ఆ రోజుల్లో పెళ్ళి సంబంధం కుదిరినంత పని. అరిగినదాని లోపలి కొలత, బయటి కొలత, మందం మూడేసిసార్లు చూసి నేను చీటీ రాసిస్తే, మావయ్య బెజవాడ పాత ఇనుము కొట్లలో పూటంతా వెతికి, దొరికినదాన్ని చెవి దగ్గర తిప్పి విని, గరగరమంటే అక్కడే వదిలేసి ఖాళీ చేతులతో వచ్చేవాడు.

ఇరుసుల పని ఇంకా కఠినం. ఏళ్ళ తరబడి సీలు ఒకేచోట రాసుకుంటే ఉక్కు మీద కూడా సన్నటి గాడి పడుతుంది. అది గోటికి తెలిసినట్టు కంటికి తెలియదని, నా ఎడమ బొటనవేలి గోరు మావయ్య కత్తిరించుకోనిచ్చేవాడు కాదు. గోరు తట్టుకున్నచోట వెల్డింగుతో లోహం పోసి, లేతు మీద తిప్పి చెక్కి కొలతకు తెచ్చి, ఎమరీ అనే గరుకు గుడ్డతో నునుపు చెయ్యాలి, ఆ చివరి పని నాది. ఆ గుడ్డను పక్కకు జరిపితే స్క్రూకున్నట్టు కంటికి కనపడని మరలు పడి, ఇరుసు తిరిగినప్పుడల్లా ఆయిలును బయటికి తోడేస్తాయి. అందుకని చివర్లో ఇరుసుకు నూనె రాసి, నేను పూలు కట్టుకునే దారానికి ఒక నట్టు కట్టి ఇరుసుమీద వేలాడదీసి, నెమ్మదిగా తిప్పేవాడు మావయ్య. దారం ఉన్నచోటే ఉంటే పని అయినట్టు. పక్కకు నడిస్తే మళ్ళీ మొదటికి.

ఒక శ్రావణ శుక్రవారం, పేరంటానికి వేళవుతోందని తొందరపడి గుడ్డను అటూ ఇటూ జరిపేశాను. ఆ ఇరుసు నందిగామ జనాన్ని తిప్పే జీపుది. అది కదిలితేనే దాని డ్రైవరు సాయిబుగారి ఇల్లు గడిచేది, ఆయన పొద్దుటినుంచీ షాపు అరుగు మీదే ఉన్నారు. దారం అరంగుళం నడిచింది. మావయ్య నన్నొక్క మాట అనకుండా, వెళ్ళి ఆయనతో నువ్వే చెప్పమన్నాడు. వెళ్ళి చెప్పాను.

"ఫర్లేదులే అమ్మా, దారం ఆగిందాకా నేనూ ఆగుతా. బండినిండా పిల్లాజెల్లా ఎక్కుతారు గదా" అన్నారాయన.

పేరంటం మానేశాను. మూడోసారికి దారం నిలబడింది.

మొన్న గురువారం మాత్రం, మావాడి జీపు బాగుచేసిన షాపుకే బండి పోనిచ్చి ఇరుసు ఊడదీయించాను. గాడినిండా బంక పూసి పైన కొత్త సీలు తొడిగారు. బేరింగు మీద పాత నెంబరు అరగదీసి కొత్తదనిపించేలా వేరేది చెక్కారు. నేను పట్టుబడితే బంక గీకి, లోహం పోసి, ఎమరీ గుడ్డను నేల తుడిచినట్టు అడ్డదిడ్డంగా తిప్పాడు లేతు అతను. దారం వేయించాను. పది లెక్కపెట్టేలోపు చివరికంటా నడిచిపోయింది.

"లోపలిది ఎవరు చూస్తారండీ మామ్మగారూ, ఊరేగింపు రెండు కిలోమీటర్లే గదా" అన్నాడతను.

అతని సంగతి సరే. "పోనీలే అత్తయ్యా, మెల్లగా తోలతా" అని మావాడు అన్నాడు చూడండి, కన్నకూతురు కూర్చునే బండి గురించి, ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ రోతే. తాళంచెవి తీసి కొంగున ముడేసుకున్నాను.

పిల్ల అద్దె కారులో ఊరేగింది. తాళంచెవి నా దగ్గరే ఉంది, మావాడు నాతో మాట్లాడటం లేదు. ఆ శ్రావణ శుక్రవారం ఒక నూలుపోగు చుట్టూ ముగ్గురం నిలబడ్డాం, బండి నడవక పస్తులుండవలసిన మనిషితో సహా. మొన్న ఆ షాపంతా వెతికినా జానెడు దారం దొరకలేదు. చివరికి నా కొంగు కుచ్చులోంచే ఒక పోగు తెంపి ఇచ్చాను.