పది గళ్ళలో పదేసి

లవోన్ జీల్కేకి బుర్రకెక్కని విషయాలు రెండే రెండు. ఒకటి, నిక్షేపంలాంటి పేపరు మిల్లును ఎందుకు మూసేశారో. రెండోది, ఆ ఏప్రిల్ పొద్దున పోస్టులో వచ్చిన ఖాతా లెక్కల కాగితం.

ఇరవయ్యారేళ్ళు ఆ మిల్లులో కాగితం కట్టలు లెక్కపెట్టిన మనిషి. బొటనవేలితో అంచు జారిస్తే చాలు, కట్టలో ఒక్క ఠావు తగ్గినా పట్టేసేది. అలాంటి మనిషి ఈ ఒక్క కాగితం ముందు అరగంట కూర్చుంది. మిల్లు మూతపడ్డాక అందరిలాగే ఆమె కూడా తన రిటైర్మెంటు సొమ్మును సొంత పేరున తెరిచిన ఐఆర్ఏ అనే రిటైర్మెంటు పొదుపు ఖాతాకి మార్పించుకుంది. పద్నాలుగు నెలలైంది. ఊరంతా షేర్ మార్కెట్టు పెరిగిందని చంకలు గుద్దుకుంటుంటే, లవోన్ సొమ్ము మాత్రం వెళ్ళి కూర్చున్న చోటునుంచి అంగుళం కదల్లేదు.

ఆమెకిది చిన్న సంగతి కాదు. మిల్లు పోయాక దాణా దుకాణంలో చేరింది. అరవై రెండేళ్ళ వయసులో యాభై పౌండ్ల బస్తాలు జనం ట్రక్కుల్లోకి ఎత్తాలి. ఎడమ మోకాలు మెట్టు మెట్టుకీ మొరాయిస్తోంది. ఇంకా ఎన్ని చలికాలాలు ఈ బస్తాలు మొయ్యాలన్నదే ఆమె బెంగ. దానికి జవాబు ఆ ఖాతాలోనే ఉందని ఆమె నమ్మకం.

ఖాతా ఉన్న కంపెనీకి ఫోన్ చేసింది. అవతల ఎవరో చిన్నమ్మాయి, గొంతులో తేనె.

"మీ డబ్బు భద్రంగానే ఉంది మేడమ్. కాకపోతే మీరు దాన్ని ఏ ఫండులోనూ పెట్టలేదు."

"అదేంటి తల్లీ, ఐఆర్ఏలో పెట్టాను కదా!"

"ఐఆర్ఏ అంటే ఖాతా మాత్రమేనండి. అందులోకి వచ్చాక ఫండ్లు మీరే ఎంచుకోవాలి. ఇప్పుడది ఉత్త నగదుగా ఉంది. మీరు మాంసం కొని ఫ్రిజ్‌లో పెట్టారు, పొయ్యి మీదికి ఎక్కించలేదు, అంతే."

లవోన్‌కి ఇప్పుడర్థమైంది. పద్నాలుగు నెలలు! వంట ఉడుకుతోందనుకుని విస్తరేసుకుని కూర్చుంది వెర్రిబాగులది.

"సరే, అయితే మిల్లులో పెట్టినట్టే పెట్టెయ్యి. ఒక్కోదాంట్లో పది శాతం."

"ఎందులో మేడమ్?"

"ఉన్నవాటన్నిట్లో."

అమ్మాయి నవ్వు ఆపుకుంది. "ఇక్కడ నాలుగు వేలకి పైగా ఉన్నాయండి."

లవోన్ ఫోన్ పెట్టేసి కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది. ఈ లోకంలో అన్ని ఫండ్లు ఎవరికి కావాలి? వాటి పేర్లేమిటి, వాటి గోలేమిటి? పాపం, ఆమె తప్పేముంది? మిల్లు తిండిగదిలో ఏటా నవంబరులో, రిటైర్మెంటు సొమ్ము ఎందులో ఎంత పెట్టాలో రాసే కాగితం పంచేవాళ్ళు. పది ఫండ్లు, పది గళ్ళు, మొత్తం కలిపితే నూరు కావాలి. అందరూ పెన్సిళ్ళు పట్టుకుని ఎల్డన్ వైపు చూసేవాళ్ళు. ఎల్డన్ ట్వైట్ రోజూ పేపరు చదివేవాడు, అద్దాలు పెట్టుకునేవాడు, మాట్లాడేది తక్కువ. అతను పదేసి రాస్తే టేబులంతా పదేసి రాసేది. పక్క టేబులు వీళ్ళని చూసి రాసేది. అలా మిల్లు మిల్లంతా పదేసే.

కాబట్టి శుక్రవారం సాయంత్రం లవోన్ తిన్నగా ఊరి హోటల్లో జరిగే చేపల విందుకి వెళ్ళింది. ఊళ్ళో శుక్రవారం వేపిన చేపలు తినని ఇల్లు లేదు, కనక ఎల్డన్ ఎక్కడుంటాడో వెతకాల్సిన పని లేదు. బార్ పక్క మూల టేబులు దగ్గర బ్రాందీ గ్లాసు ముందు పెట్టుకుని, రై రొట్టెకి వెన్న రాస్తున్నాడు.

"ఎల్డన్, నీ ఐఆర్ఏ డబ్బు ఎందులో పెట్టావు?"

"కూర్చో ముందు. చేప చల్లారిపోతుంది."

"నా బతుకే చల్లారిపోయింది. చెప్పు."

ఎల్డన్ రొట్టె పక్కన పెట్టాడు. అటూ ఇటూ చూశాడు. "ఎందులోనూ పెట్టలేదు. ఆ జాబితా చూసి కంప్యూటరు మూసేశా."

"నువ్వా! రోజూ పేపర్లో షేర్ల పేజీ చదివేవాడివి కదయ్యా!"

"షేర్ల పేజీ ఎవడు చదివాడు? వెనకపేజీలో ఫుట్‌బాల్ చదివేవాణ్ణి. అటువైపు మీకు షేర్లు కనబడేవేమో."

లవోన్ కుర్చీలో కూలబడింది. "మరి పదేసి అని ఎలా తెలిసింది నీకు?"

"నిన్ను చూసే రాశాను."

"నన్నా?"

"మొదటి ఏడు. మేమంతా బుర్రలు గోక్కుంటుంటే నువ్వు టకటకా నింపేసి లేచి వెళ్ళిపోయావు. కట్టలు తప్పు లెక్కపెట్టని మనిషి, ఇదీ తప్పు రాయదనుకున్నా."

లవోన్‌కి ఆ రోజు గుర్తొచ్చింది. బాగా గుర్తొచ్చింది. షిఫ్టు గంట మోగబోతోంది, బాత్రూముకి వెళ్ళాలి. పది గళ్ళు, నూరు కావాలి. కూడికలు చేసే తీరిక లేక పదేసి గీకేసి పరుగెత్తింది. మరుసటి ఏడు ఎల్డన్ కాగితం మీద అవే పదులు కనిపిస్తే, అబ్బో, ఎల్డనే రాశాడంటే సరైందే అనుకుని ధైర్యంగా రాసింది. ఇరవయ్యారేళ్ళపాటు మిల్లు మొత్తం నడిచింది ఆమె బాత్రూము తొందర మీద!

నవ్వొచ్చింది ఆమెకి, వెంటనే భయమూ వేసింది. అడగడానికి ఇక ఎవరూ లేరు.

"ఇంతకీ ఇప్పుడు ఎందులో పెడదామంటావు?" అన్నాడు ఎల్డన్, పెన్సిలు పట్టుకున్న నాటి చూపుతో.

సోమవారం పొద్దున లవోన్ మళ్ళీ ఫోన్ చేసింది. అదే అమ్మాయి దొరికింది, అదృష్టం.

"నాలుగు వేలు నావల్ల కాదు తల్లీ. ఒక్కటంటే ఒక్కటి చెప్పు."

"సంవత్సరం పేరు మీద ఉండే ఫండ్లు ఉన్నాయి మేడమ్. మీరు పని మానేసే ఏడు చెబితే చాలు, ఎందులో ఎంత పెట్టాలో వాళ్ళే చూసుకుంటారు. పెరగొచ్చు, తగ్గొచ్చు, ఆ మాట ముందే చెబుతున్నా. 2030 ఉంది, 2035 ఉంది, 2065 దాకా ఉన్నాయి."

"2065కి ఈ మోకాలు మ్యూజియంలో ఉంటుంది."

"మరి మీరు ఏ ఏడు మానేస్తారు?"

లవోన్ పద్దెనిమిదో ఏటినుంచి పనిచేస్తోంది. ఎప్పుడు రావాలో చెప్పారు, ఎప్పుడు తినాలో చెప్పారు, మిల్లు మూసినరోజు ఎప్పుడు వెళ్ళాలో కూడా వాళ్ళే చెప్పారు. ఎప్పుడు మానేస్తావని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. కళ్ళలో నీళ్ళు ఎందుకు తిరిగాయో ఆమెకే తెలియలేదు. ఇంకో ఐదు చలికాలాలు. మోకాలు తడిమి చూసుకుంది.

"2030," అంది. సరిగ్గానే చెప్పిందో లేదో ఆమెకి ఇప్పటికీ తెలీదు.

మధ్యాహ్నం దుకాణంలో బస్తాల మధ్య ఉండగా ఎల్డన్ ఫోన్ చేశాడు.

"ఏం రాశావు?"

"చెప్పను."

"అదేంటి లవోన్, ఇన్నేళ్ళ స్నేహం..."

"నా మోకాలు చూసి నేను రాశాను. నువ్వు పని ఎప్పుడు మానేస్తావో ముందు అది చెప్పు."

"నన్ను అది ఎవరూ అడగలేదే," అన్నాడు ఎల్డన్.

"నేను అడుగుతున్నాగా," అంది లవోన్, బస్తా మీద కూర్చుంటూ.