డ్రైవర్ కిందికి దిగిపోయాడు

ఏళ్ల తరబడి నా లారీకి క్లీనర్‌గా ఉన్న రాజేశానికి మొన్న హెవీ లైసెన్స్ వచ్చింది. ఈ రోజు మొదటిసారి స్టీరింగ్ అతనికిచ్చి, నేను పక్క సీట్లో కూర్చున్నాను. కోరుట్ల నుంచి సిరిసిల్లకు నూలు లోడు. దారంతా నా కాలు అక్కడ లేని బ్రేకును తొక్కుతూనే ఉంది గానీ, అతను మాత్రం బాగానే నడిపాడు.

గోదాము సందులోకి రివర్స్ చేయాలి. రాజేశం బండి ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, అలవాటు కొద్దీ కిందికి దూకేశాడు. వెనక్కి పోయి బాడీ మీద కొడుతూ, "రానీ... రానీ..." అని కేకలు. బండి కదల్లేదు.

"ఏంది ఉస్తాద్, రానిస్తలేవు? జాగ మస్తున్నది!"

నేను కిటికీలోంచి తల బయటపెట్టాను. "డ్రైవర్ కిందికి దిగిండు గదా రాజేశం, బండెట్లొస్తది?"

హమాలీలు పడీపడీ నవ్వారు. అతను నాలుక కరుచుకుని మళ్లీ స్టీరింగ్ ముందుకెక్కాడు. మరి వెనక చూసేదెవరు? నేనే దిగాను. "రానీ, రానీ" అంటుంటే నా లారీ మెల్లగా నా మాట విని వచ్చింది. ఇన్నేళ్లలో ఆ ముచ్చట నేను కింద నిలబడి చూసింది ఇవాళే.

కొత్త సీటెక్కిన రోజు పాత పనికి పరుగెత్తినవాళ్లు మీలో ఎవరున్నారో చెప్పండి, రాజేశానికి చూపిస్తాను.

సాయంత్రం నన్ను ఇంటి ముందు దించి, ఎప్పటిలాగే అడిగాడు: "రేపు ఎన్నింటికి రావాలె ఉస్తాద్?"

"అది నువ్వు జెప్పాలె, డ్రైవర్ సాబ్."