గోడ అవతలి ఆమెన్

మా అమ్మకూ చిన్నమ్మకూ మూడేళ్లు మాటల్లేవు. అయినా ఆ మూడేళ్లలో వాళ్లు ఒకరినొకరు తిట్టుకోని రోజు లేదు. మధ్యలో దేవుణ్ణి పెట్టుకుని తిట్టుకునేవారు.

మాది దేవరకొండ దగ్గర చిన్న పల్లె. బాపు, చిన్నాయిన సొంత అన్నదమ్ములు. ఒకటే ఇంటిని రెండు చేసుకుని, వాకిలి మధ్యలో మట్టిగోడ లేపారు. అవ్వ పోయాక విసుర్రాయి గోడకు అవతల, చిన్నమ్మ వైపు ఉండిపోయింది. పెద్దకోడలిని కాబట్టి రాయి నాదని అమ్మ. మంచంలో ఉన్న అత్తకు ఏడాదిపాటు చాకిరీ చేసింది నేను కాబట్టి నాదని చిన్నమ్మ. ఆ రాయి మీద అన్నదమ్ములకు మాత్రం ఏ పట్టింపూ లేదు. వాళ్లిద్దరూ సాగర్ డ్యాం పనికి వెళ్లి, అక్కడ ఒకే గుడిసెలో వండుకుని తింటున్నారు.

మా ఇళ్లల్లో పొద్దున్నే, పొయ్యి ముట్టించకముందే ప్రార్థన. అమ్మ మమ్మల్ని లేపి, మోకాళ్ల మీద కూర్చోబెట్టి, కొంగు తల మీదికి లాక్కునేది. మొదటి రెండు మాటలూ బైబిల్ భాషలో ఉండేవి. ఆ తర్వాత మా ఊరి భాషలోకి దిగేది.

“పరలోకమందున్న మా తండ్రీ, నీ దాసురాలిని కనికరించుము. గోడ అవతల ఒకామె ఉన్నది. పరాయి సొమ్ము మీద కూసోని పిండి ఇసురుకుంటాంది. ఆమెకు జర సిగ్గియ్యి తండ్రీ.”

ఇది గోడ దాటేలా చెప్పేది. దేవుడికి అంత దూరం వినపడదనుకున్నట్టు గొంతు పెంచేది. అమ్మ ముగించేదాకా చిన్నమ్మ మర్యాదగా ఆగేది. ప్రార్థనలో అడ్డు రాకూడదు కదా. తర్వాత ఆమె మొదలుపెట్టేది.

“ప్రభువా, నా పాపములు క్షమించుము. గోడ అవతల నీ దాసురాలికి నోరు పెద్దగిచ్చినవు. గా నోరు కొంచెం సిన్నగ జెయ్యి తండ్రీ.”

ఒకరోజు నిద్రమత్తులో ఉన్న నేను, చిన్నమ్మ ప్రార్థన అయిపోగానే అలవాటుగా “ఆమెన్” అన్నాను. అమ్మ వీపు మీద ఒక్కటిచ్చింది. “గోడ అవతలి ప్రార్థనకు గీ ఇంట్ల ఎవ్వరు ఆమెన్ అనొద్దు” అంది. అది మా ఇంటి చట్టమైంది.

పాస్టర్ అయ్యగారు ఏడాదికి రెండు మూడు సార్లు సైకిల్ మీద వచ్చి ప్రభువు బల్ల సంస్కారం ఇచ్చేవారు. మా సంఘంలో ఒక పద్ధతి ఉండేది. తగాదా పడ్డవాళ్లు అందరిముందూ లేచి క్షమాపణ అడిగితేనే ఆ రొట్టె ముక్క, ఆ ద్రాక్షరసం. అమ్మా, చిన్నమ్మా ప్రార్థన గుడిలో చాపకు చెరో కొసన కూర్చుని మూడేళ్లూ వాటిని ముట్టలేదు. అయోగ్యంగా తీసుకోలేదని ఇద్దరికీ లోలోపల గర్వమే. ఇద్దరికీ అంత ప్రార్థనాపరత ఉన్నందుకు అయ్యగారు మా ఇంటిని మిగతా ఊళ్లలో ఆదర్శంగా చెప్పేవారట.

ఆ ఏడు ముసురు వారం రోజులు పట్టింది. ఒక పొద్దున అమ్మ ప్రార్థన ముగించి ఎదురుచూసింది. అవతలినుంచి జవాబు రాలేదు.

“ప్రభువా, కొంతమందికి నిద్ర ఎక్కువైంది” అంది అమ్మ, కొంచెం గట్టిగా.

చప్పుడు లేదు. అమ్మ, చిన్నమ్మ పుట్టింటివాళ్లను కూడా దేవుడి ముందు పెట్టింది. దానికి చిన్నమ్మ ఊరుకునే మనిషి కాదు. అయినా చప్పుడు లేదు. అమ్మ కళ్లు తెరిచింది. ప్రార్థన మధ్యలో అమ్మ కళ్లు తెరవడం నేను అదే మొదటిసారి చూడటం.

చిన్నమ్మ వీధి తలుపుకు లోపల గొళ్లెం పెట్టి ఉంది. ఎంత కొట్టినా తీయలేదు. అమ్మ వెనక్కి వచ్చి, చీర ఎగ్గట్టి గోడ ఎక్కింది. వానకు నానిన గోడ అమ్మ బరువుకు సగం కూలి, ఆ మట్టితో పాటే అమ్మ అవతల పడింది. నేను మట్టి మీదినుంచి వెళ్లేసరికి అరుగు మీద చిన్నమ్మ ఒళ్లు కాలిపోతూ, కళ్లు తేలేసి ఉంది. పిల్లల్లేని మనిషి, మొగుడు ఊళ్లో లేడు. రెండు రోజులనుంచి చలిజ్వరమని తర్వాత తెలిసింది. రెండు రోజులూ ఆ జ్వరంతోనే లేచి, మా అమ్మకు ప్రార్థనలో జవాబిచ్చింది.

పక్కింటి గొల్లాయన బండి కట్టాడు. దవాఖానకు పోయే దారిలో చిన్నమ్మ సగం కళ్లు తెరిచి అమ్మను చూసింది. మొహం అటు తిప్పుకుంది.

“ప్రభువా, నోరెండుతాంది” అంది.

అమ్మ చెంబు ఆమె నోటికి పెట్టింది. “ప్రభువా, మెల్లగ తాగమను. పొలమారుతది” అంది.

దవాఖానలో డాక్టరమ్మ చూసి, “ఈ రోజు గడిస్తేగానీ చెప్పలేను. ఈమె నీకేమవుతుంది?” అని అడిగింది.

దేవుడి ద్వారా చెప్పే వీలు లేదు. “మా చెల్లె” అంది అమ్మ చివరికి, అంటూనే ఏడ్చింది. నాకు చాలా భయమేసింది. అమ్మ ఏడ్చిందంటే చిన్నమ్మ చచ్చిపోతుందనే అనుకున్నాను. అమ్మ వరండాలో మోకరించి, “బతికియ్యి తండ్రీ” అని మాత్రం అంది. అంత చిన్న ప్రార్థన అమ్మ నోట నేనెప్పుడూ వినలేదు.

చిన్నమ్మ బతికింది. పది రోజులకు ఇంటికొచ్చింది. పొద్దున్నే ఇద్దరూ ఎప్పటిలాగే మోకరించారు. కానీ గోడ కూలిన చోట ఒకరికొకరు కనపడుతున్నారు. ఎదురుగా మొహం చూస్తూ దేవుడికి చాడీలు చెప్పడం ఇద్దరికీ చేతకాలేదు. నోట్లో గొణుక్కుని లేచారు. అమ్మ జొన్నలు పట్టుకుని, ఆ సందులోంచి వెళ్లి విసుర్రాయి ముందు కూర్చుంది. చిన్నమ్మ వచ్చి రాయికి రెండో చెయ్యి వేసింది.

తర్వాతి నెలలో అయ్యగారు వచ్చారు. గుడిలో మూడేళ్లుగా అడుగుతున్న ప్రశ్నే మళ్లీ అడిగారు. “మీ ఇద్దర్ల ఎవరు క్షమాపణ అడుగుతరమ్మా?”

అమ్మ చాపను గిల్లుతూ కూర్చుంది. ఆమెకు ఆ మాట నోట రాదని నాకు తెలుసు. చిన్నమ్మ లేచింది. కొంగు తల మీదికి లాక్కుని, కళ్లు మూసుకుని, గోడ అవతలికి వినపడే పాత గొంతుతోనే మొదలుపెట్టింది.

“ప్రభువా, మా అక్క మా గోడ కూలగొట్టింది. గా తప్పు మాఫ్ చెయ్యి. అన్నదమ్ములు డ్యాం కాడికెల్లి తిరిగొస్తే మళ్ల కడ్తమంటరు. కట్టనియ్యకు తండ్రీ.”

అయ్యగారు నోరు తెరిచేలోపే, చాప ఈ కొసనుంచి అమ్మ గొంతు వినిపించింది. “ఆమెన్.”