వీధి వైపు తిప్పిన డబ్బాలు

మా నాయిన ఇస్రాయేలు లెక్కలో స్పీకరంటే ఊరి వైపు ముఖం పెట్టి ఉండాలి. ఆత్మకూరులో ముప్పై ఏళ్లు మైక్ సెట్ నడిపిన మనిషి మరి. పెళ్లయినా, పీర్ల పండుగయినా, చర్చి కూటమయినా వెదురు గడలకు రెండు హారన్లు కట్టేవాడు. ఒకటి బజారు వైపు, ఇంకొకటి మా వాడ వైపు. మా వాడ వైపు ఎందుకని పెళ్లివాళ్లు గొణిగితే చెవిటివాడైపోయేవాడు. పెళ్లి ఎవరింట్లో జరిగినా పాట మాకూ రావాలన్నది ఆయన పట్టు.

అమ్మ పేరు జంగమ్మ. పల్లి చేలల్లో కూలికి పోయేది. అక్కడే పాటలు కట్టేది, అక్కడే పాడేది. తెలంగాణ కోసం సభలు జరిగిన రోజుల్లో ఆమె పాటకు చుట్టుపక్కల ఊళ్లన్నీ వచ్చేవి. నాయిన మైకు పెట్టేవాడు, అమ్మ పాడేది, నేను బడి ఎగ్గొట్టి ఇద్దరి వెంటా ఆటోలో తిరిగేదాన్ని. రాష్ట్రం వచ్చిన రోజు బస్టాండు దగ్గర అమ్మ పాడుతుంటే బస్సు దిగినవాళ్లు దిగినట్టే నిలబడిపోయారు. డ్రైవరు కూడా ఇంజను ఆపేశాడు. ఆ రోజులు తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు నిండినట్టుంటుంది.

ఇన్ని సభలు తిరిగాం గానీ ఒక్క పాటా రికార్డు చేయలేదు. పాడే మనిషి ఇంట్లోనే ఉంది కదా, రికార్డెందుకు అనుకున్నాం.

తర్వాత డీజేలు వచ్చి మైక్ సెట్లను మింగేశాయి. హారన్లు పాత సామాన్ల బండెక్కాయి. చప్పుడు పెంచే యాంప్లిఫయర్‌ను మాత్రం నాయిన అమ్మలేదు. ‘మిషన్’ అని దానికి ఆయన పెట్టుకున్న పేరు. అమ్మ పాత చీరలో చుట్టి మంచం కింద పెట్టుకున్నాడు. నేను చదువైపోయి చౌటుప్పల్‌లో మందుల ఫ్యాక్టరీ ల్యాబులో చేరాను. కరోనా తగ్గాక మా ఊళ్లో పిల్లలంతా జానపదాలు పాడి ఫోన్లలో పెట్టడం మొదలుపెట్టారు. రికార్డింగుకు హైదరాబాదు దాకా పోవడమెందుకు, మన ఇంటి సామాన్ల అర్రలోనే పెడదామన్నాడు నాయిన. ఆయనకు మళ్లీ ప్రాణం లేచొచ్చినట్టయింది. చప్పుడు మారుమోగకుండా గోడలకు బొంతలు వేలాడదీశాడు. నేను జీతంలోంచి ఒక్కొక్కటే తెచ్చాను: కంప్యూటరు, మైకు, మైకులోని గొంతును కంప్యూటరుకు చేర్చే సౌండ్ కార్డు. అన్నిటికన్నా ఆఖర్న స్టూడియో మానిటర్లు తెచ్చాను. అవి రెండు నల్ల స్పీకర్ డబ్బాలు.

అప్పటికే అమ్మ గొంతులో గడ్డ పెరుగుతోంది. మహబూబ్‌నగర్ దవాఖానలో డాక్టరమ్మ ఆపరేషన్ తప్పదన్నది. గొంతుకు పోయే నరం గడ్డకు ఆనుకునే ఉందట, ప్రాణానికి భయం లేదు గానీ గొంతు మారితే మారొచ్చని ముందే చెప్పింది. సోమవారం వచ్చి చేరమన్నది.  ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూ అమ్మ నాతో అన్నది.

“మల్లికా, నా పాట ఒక్కటన్న పట్టి పెట్టు బిడ్డా. మల్ల ఈ గొంతు ఉంటదో ఉండదో.”

అందుకే ఆ ఆదివారం చర్చి నుంచి రాగానే డబ్బాల అట్టపెట్టెలు విప్పాం. విప్పగానే నాయిన మంచం కింద నుంచి మిషన్‌ను లాగాడు. యాంప్లిఫయర్ లేకుండా స్పీకరు పలకడమన్నది ఆయన పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఈ డబ్బాల్లో యాంప్లిఫయర్ లోపలే ఉంటుందని, దీన్ని కలిపితే రెండూ కాలిపోతాయని చెప్పాను. నమ్మలేదు. వెనక కరెంటు తీగ పెట్టే చోటు చూపించాక, దేనికదే కరెంటు తింటుందన్న మాట అర్థమై, మిషన్‌ను మళ్లీ చీరలో చుట్టాడు. బిడ్డ చచ్చినంత దిగులు పడ్డాడు పాపం.

సౌండ్ కార్డు నుంచి ఎడమ డబ్బాకొక తీగ, కుడి డబ్బాకొక తీగ కలిపాను. చప్పుడు మీటలు సున్నాకు తిప్పాను. ముందు సౌండ్ కార్డు స్విచ్చి, డబ్బాలవి చివర్న వేయాలి, ఆపేటప్పుడు డబ్బాలే ముందు, లేకపోతే ధబ్బుమంటాయి. ఇది మాత్రం నాయినకు చెప్పక్కర్లేకపోయింది. డబ్బాల మధ్య ఎంత దూరముందో కుర్చీకీ అంతే ఉండాలంటే తువ్వాలతో కొలిచి డబ్బాల కింద ఇటుకలు పేర్చాడు. అంతా కుదిరింది, అన్నం వండి వద్దామని లోపలికి పోయాను. తిరిగొచ్చేసరికి రెండు డబ్బాలూ కిటికీ దిక్కు తిరిగి వీధిని చూస్తున్నాయి.

నాకు మండింది. ఇవి ఊరికి వినిపించేవి కావని, కుర్చీలో కూర్చున్న మనిషికి పాటలో తప్పొప్పులు వినిపించేవని అరిచి మళ్లీ కుర్చీ వైపు తిప్పాను. ఒక్క మనిషి కోసం రెండు స్పీకర్లా అని నాయిన నవ్వాడు. ఆ నవ్వుకు ఇంకా మండింది.

రికార్డు చేసేటప్పుడు డబ్బాలు ఆపేయాలి, లేకపోతే వాటి చప్పుడు మైకులో పడి కూత పెడుతుంది. అందుకని అమ్మకు హెడ్‌ఫోన్లు పెట్టాను. పాట మొదలైంది. అది అమ్మ గొంతే కాదు. సన్నగా, బెదిరినట్టు, రెండో చరణానికే ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టింది, మళ్లీ ఆగింది. నేను మీటలు తిప్పాను, మైకు దగ్గరికి జరిపాను, గట్టిగా పాడమని సతాయించాను. కాసేపటికి అమ్మ హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకుంది.

“నా గొంతు నా చెవులల్లనే తిరుగుతాంది. బయటికి పోతలేదు. ఎవరికి పాడాలె నేను?”

అని లేచి వంటింట్లోకి పోయింది. పొయ్యి ముందు కూర్చుని కొంగుతో కళ్లు ఒత్తుకుంది. తెల్లారితే దవాఖాన. ఆ గొంతు మళ్లీ మాకు దొరకదేమో.

నాయిన లేచాడు. కిటికీ రెక్కలు తెరిచాడు. డబ్బాలను మళ్లీ వీధి వైపు తిప్పాడు. మైకును వాటి వెనక దూరంగా, గోడ దగ్గరికి జరిపి, చప్పుడు మీట కొంచెం కొంచెంగా పెంచుతూ కూత ఎక్కడ మొదలవుతుందో చూసి అక్కడి నుంచి కొంచెం తగ్గించాడు. బయటి మోతంతా రికార్డులో పడుతుందని, ఖరాబవుతుందని నేను మొత్తుకున్నాను.

“ఖరాబైతే కానియ్యి. పాట పోకుంటె సాలు,” అన్నాడు.

తర్వాత వంటింటి గడప దగ్గర నిలబడి అమ్మను పిలిచాడు. అమ్మ వచ్చింది. మైకు ముందు గొంతు సవరించుకుంటే ఆ చప్పుడు వీధిలో వినిపించింది. అమ్మ మెడ నిటారైంది. నేను రికార్డు నొక్కాను.

పల్లి చేను మీద కట్టిన పాట ఎత్తుకుంది. నాకు ఆటోలో తిరిగిన రోజులు ఒక్కసారిగా మీదపడ్డాయి. మొదటి చరణం అయ్యేసరికి నల్లా దగ్గర బిందె పట్టుకున్న నాగులమ్మ పల్లవి అందుకుంది. ఎదురింటి అరుగు మీద ఆకుకూర తెంపుతున్న అండాలు అందుకుంది. అమ్మతో ఒకే చేలో ఏళ్ల తరబడి వంగి పల్లికాయ పీకినవాళ్లు వాళ్లు. ఒకరు చెప్పాల్సిన పని లేదు. అమ్మ కిటికీలోంచి వాళ్లను చూస్తూ, చెయ్యూపుతూ, చివరి చరణాన్ని ఎక్కడికో తీసుకుపోయి దించింది. గడ్డ ఉన్న గొంతని ఎవరూ అనరు.

ఆపరేషన్ బాగానే జరిగింది. గొంతు మాత్రం మారింది. బొంగురుగా, కింది నుంచి వస్తుంది. మాట్లాడటానికి చాలు, పైకి లేవదు. హైదరాబాదులో స్టూడియో నడిపే ఒకతనికి రికార్డు వినిపిస్తే పనికిరాదన్నాడు. మధ్యలో ఆటో హారను ఉంది, కోడి ఉంది, బిందె చప్పుడు ఉంది. నేను చెరిపెయ్యలేదు. అమ్మ మాత్రం వింటానని అననేలేదు. అర్రలో వేరేవాళ్లు పాడుతుంటే ఆమె చేనికి పోయేది. మేమూ వినమని అడగలేదు.

మళ్లీ పల్లికాయ పీకే రోజులొచ్చాయి. నేను సెలవుకు ఇంటికొచ్చాను. పొద్దున చాయ్ తాగి అమ్మ తనంతట తానే అర్రలోకి వచ్చి కుర్చీలో కూర్చుంది. తన పాట పెట్టుమన్నది. డబ్బాలు కుర్చీ వైపే ఉన్నాయి. నాయిన మీటలు సరిచేసి, పాట పెట్టమని నాకు చెప్పి డబ్బాల వెనక్కి పోయి నిలబడ్డాడు. ఎందుకు నిలబడ్డాడో ఆయనకే తెలియదు. సభల్లో ఆయన జాగా అదే. హారన్లు జనం వైపు, వేదిక వెనక మిషన్, మిషన్ పక్కన ఆయన. అమ్మ పాడినప్పుడల్లా ఆమె వీపు చూస్తూ, కూత రాకుండా కాపలా కాస్తూ, చెవంతా దాని మీదే పెట్టి నిలబడేవాడు.

“గాడ నిలబడుడెందుకు? ముందలకొచ్చి కూసో,” అన్నది అమ్మ.

నాయిన వచ్చి కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు. పాట మొదలైంది. ఆ చిన్న డబ్బాల్లో అమ్మ ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తోంది. రెండో చరణంలో మాట చివర ఆమె గొంతు చిన్నగా వణికి నిలబడే చోట నాయిన తలెత్తాడు. పాట అయిపోయేదాకా తల దించలేదు.

“జంగమ్మా, నువ్వు గింత మంచిగ పాడేటిదానివా?”

“ఊరందరికీ ఎరుకే,” అన్నది అమ్మ, ఆ బొంగురు గొంతుతో. “నీకొక్కనికే ఎరుక లేదు.”

నాయిన తువ్వాల మొహానికి అడ్డం పెట్టుకుని, మళ్లీ మొదటి నుంచి పెట్టమన్నాడు.